జపాల పుస్తకంలో సిలువ గుర్తు: యూనికోడ్‌లో ఏ కోడ్ వాడాలి?

పాతబైండు:
అందరికీ నమస్తే. మా నానమ్మ జపాల పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. 1950ల నాటిది, ఫిరంగిపురంలో ఎవరో పెళ్లికి ఇచ్చారట. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, మధ్యలో కొన్ని పేజీలు చెదలు రుచి చూశాయి. మొత్తం యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక కోడ్ ఇచ్చే పద్ధతి) టైప్ చేసి ఈబుక్‌గా చుట్టాలకు పంచుదామని మొదలుపెట్టాను. అక్షరాలతో ఇబ్బంది లేదు గానీ దీవెన వచ్చిన ప్రతిచోటా వాక్యం మధ్యలో ఎర్ర సిరాతో ఒక సిలువ బొమ్మ ఉంది. నాలుగు చేతులూ సమానం, మధ్యలో సన్నగా మొదలై చివరికి వెడల్పవుతాయి. “పిత, పుత్ర,” తర్వాత ఆ బొమ్మ, ఆ తర్వాత “పవిత్రాత్మ మిమ్ము ఆశీర్వదించును గాక”, ఇలా. నెట్‌లో వెతికితే సిలువలు ఇన్ని కనిపించాయి: † ✝ ✞ ✚ ☩ ✠ ☨. నాకైతే తల తిరిగింది. వీటిలో ఏది పెట్టాలి? ఏదో ఒకటి పెడితే ఏమవుతుంది?

నిమ్మళం:
ఏమీ కాదు. కూడిక గుర్తు కొట్టి వదిలేయండి. బిషప్‌ల పేర్ల ముందు కూడా + పెట్టి లాగించేస్తుంటారు, ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

డల్లాస్‌దోసె:
ఒక్క మాట, ✝ మాత్రం పెట్టకండి. మా చర్చిలో తెలుగు పాటల స్లయిడ్లు నేనే చేస్తాను. ల్యాప్‌టాప్‌లో నల్లగా, సన్నగా, బుద్ధిగా కనిపించింది. అదే పాట వాట్సాప్‌లో పంపితే అందరి ఫోన్లలో ఊదారంగు డబ్బా, అందులో తెల్ల సిలువ! ఒక పెద్దాయన “ఏంటమ్మా, పాట మధ్యలో స్టిక్కర్లు అంటిస్తున్నావు” అన్నారు. సిగ్గుతో చచ్చాను.

గుణింతం:
పాతబైండు గారూ, మీరు చెప్పిన బొమ్మకు కోడ్ యు+2720. అంటే ఇది: ✠. యూనికోడ్‌లో దీని పేరు మాల్టీస్ క్రాస్. పేరు చూసి కంగారు పడకండి, దాని సంగతి కింద చెప్తాను.

ముందు డల్లాస్‌దోసె గారి ఊదారంగు డబ్బా. ✝ కోడ్ యు+271డి, పేరు లాటిన్ క్రాస్. 1991లో యూనికోడ్ 1.0తో వచ్చినప్పుడు అది మామూలు ముద్రణ గుర్తు మాత్రమే. తర్వాత దాన్ని ఎమోజీల జాబితాలోనూ చేర్చారు, ☦ కూడా అంతే. ఇప్పుడు దానికి రెండు వేషాలు: అక్షరం వేషం, ఎమోజీ వేషం. దాని వెనకాలే కంటికి కనిపించని యు+ఎఫ్ఇ0ఇ అనే గుర్తు పెడితే “అక్షరంలాగే చూపించు” అని చెప్పినట్టు, ఎఫ్ఇ0ఎఫ్ పెడితే “ఎమోజీగా చూపించు” అని. ఏదీ పెట్టకపోతే ఫోన్ దాని ఇష్టం. పెట్టినా వినని యాప్‌లు ఉన్నాయి, అది వేరే ఏడుపు. ✠ ఎమోజీ జాబితాలో లేదు కాబట్టి దానికి ఈ గొడవే లేదు.

ఇక పేరు. మాల్టా సిలువ అని చరిత్రలో అందరికీ తెలిసింది హాస్పిటలర్ వీరులది, అంటే మధ్యయుగపు క్రైస్తవ యోధుల సంఘానిది: నాలుగు బాణపు మొనలు మధ్యలో కలుసుకున్నట్టు ఉంటుంది, ఒక్కో చేతి చివర గాటు, మొత్తం ఎనిమిది మొనలు. ✠ చూడండి, గాటు ఉందా? చాలా ఫాంట్లలో ఉండదు. ఈ ఆకారాన్ని చిహ్నాల శాస్త్రంలో క్రాస్ పాటీ, లేదా ఫోర్మే అంటారు. మరి ఆ పేరెందుకు పెట్టారంటే, ఈ గుర్తులు యూనికోడ్‌లోకి ఒక్కొక్కటిగా ఎవరో చరిత్ర చదివి పెడితే రాలేదు, హెర్మన్ జాఫ్ గీసిన జాఫ్ డింగ్‌బ్యాట్స్ (డింగ్‌బ్యాట్ అంటే అచ్చులో వాడే బొమ్మ గుర్తు) అనే ఫాంటు నుంచి గుత్తగా వచ్చాయి. 1978లో విడుదలైన ఆ ఫాంటు తర్వాత లేజర్ ప్రింటర్లలోకి ఎక్కింది, జనం అప్పటికే వాడేస్తున్నారు, ఆ డాక్యుమెంట్లు చెడిపోకూడదని ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నారు. యూనికోడ్ పట్టికలోనే ఈ గుర్తు కింద ఒక చిన్న గమనిక ఉంటుంది, మాల్టా సిలువ చరిత్రలో చాలా రూపాల్లో ఉండేదని, జాఫ్ గీసినది ఫోర్మే రూపానికి దగ్గరగా ఉందని.

☩ సంగతీ అదే. పేరు క్రాస్ ఆఫ్ జెరూసలేం. కానీ అసలు జెరూసలేం సిలువకు నాలుగు మూలల్లో నాలుగు బుల్లి సిలువలు ఉంటాయి. ఇక్కడ ఉన్నది ఒక్క పెద్దది, చేతుల చివర అడ్డగీతలతో.

నిమ్మళం:
తప్పని తెలిసి కూడా పేరు మార్చలేరా? ఒక లైన్ మార్చడానికి ఏమైంది?

గుణింతం:
మార్చరు. ఒకసారి పెట్టిన పేరు ఇక కదపకూడదని 1996 నుంచి, అంటే యూనికోడ్ 2.0 నుంచి నియమం. ఆ పేరును ఏదో ప్రోగ్రాములో ఎవరో రాసుకుని ఉంటారు, మారిస్తే అది విరుగుతుంది. మన పక్కింట్లోనే చూడండి, కన్నడ పట్టికలో ళకు అన్న లాంటి పాత అక్షరం ఒకటుంది, మన ఴ దానికి జోడీ. పొరపాటున దానికి “ఫ” అని పేరు పెట్టేశారు. తప్పని ఒప్పుకున్నారు, సరైన పేరు మారుపేరుగా చేర్చారు, పాత పేరు మాత్రం అలాగే ఉంది. (మన ఴకు 2014 దాకా అసలు చోటే లేదు, అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.)

డీటీపీబాబాయ్:
తమ్ముళ్లూ, ఇంత చదువు నాకు లేదు గానీ ఈ సిలువతో ఇరవై ఏళ్లు కాపురం చేశాను. పేజ్‌మేకర్‌లో “అను” అనే పాత తెలుగు ఫాంట్లతో తెలుగు కొట్టే రోజుల్లో మాకు యూనికోడూ లేదు గీనికోడూ లేదు. సిలువ కావాలంటే ఫాంటు వింగ్‌డింగ్స్‌కి, అదే, అక్షరాల బదులు బొమ్మలుండే ఫాంటుకి మార్చి పెద్ద ఎక్స్ కొట్టేవాళ్లం, సిలువ వచ్చేది. పెద్ద వై కొడితే దావీదు నక్షత్రం, పెద్ద జడ్ కొడితే నెలవంక. అన్ని మతాల కరపత్రాలూ ఆ ఒక్క వరుసలోనే అయిపోయేవి. కార్డు చదివేవాడికి సిలువ, కంప్యూటర్‌కి మాత్రం అది ఎక్స్ అక్షరమే, పైన వేసుకున్న చొక్కా వేరు అంతే.

పాతబైండూ, మీ పుస్తకానికి తర్వాత మళ్లీ అచ్చు పడిందేమో కనుక్కో. ఆ ఫైలు దొరికితే సగం పని తప్పుతుంది, కానీ సిలువలు మాత్రం ఎక్స్‌లై ఉంటాయి, చూసుకో.

పాతబైండు:
బాబాయ్, మీ నోట్లో చక్కెర! 2000ల్లో వేసిన పునర్ముద్రణ ఫైలు ఒకటి ఒక ప్రెస్సాయన దగ్గర దొరికింది. కన్వర్టర్‌లో వేశాను. తెలుగు చాలావరకు వచ్చింది. సిలువలు కొన్నిచోట్ల ఎక్స్‌లా ఉన్నాయి, కొన్నిచోట్ల సంబంధం లేని తెలుగు ముక్క ఏదో వచ్చింది. అదెందుకు?

డీటీపీబాబాయ్:
అను ఫాంట్లలో ప్రతి ఇంగ్లీషు కీ మీదా ఒక తెలుగు ముక్క కూర్చుని ఉంటుంది కదా. కన్వర్టరు ఫాంటు పేరు చూసుకుంటే “ఓహో ఇది వింగ్‌డింగ్స్” అని వదిలేస్తుంది, నీకు ఎక్స్ మిగులుతుంది. చూసుకోకపోతే దాన్నీ అను అక్షరమే అనుకుని తెలుగులోకి మార్చేస్తుంది. ఎక్స్ మిగిలితే అదృష్టం అనుకో, కనీసం వెతకొచ్చు.

గుణింతం:
బాబాయ్ చెప్పిన చొక్కా మాట నేను దొంగిలిస్తున్నా. అసలు తేడా అంతా అదే. వింగ్‌డింగ్స్ పద్ధతిలో సిలువ అన్నది ఫాంటులో ఉంది, రాతలో లేదు. ఫాంటు పోయిందా, సిలువ పోయింది. యూనికోడ్‌లో సిలువ రాతలోనే ఉంటుంది, ఫాంటు ఏదైనా అది సిలువగానే ఉంటుంది, మహా అయితే ఆ గుర్తు లేని ఫాంటులో ఖాళీ డబ్బా కనిపిస్తుంది. తర్వాత 2014లో యూనికోడ్ 7.0 వచ్చినప్పుడు వింగ్‌డింగ్స్‌లో మిగిలిన గుర్తులకు కూడా కోడ్‌లు ఇచ్చారు. తెల్ల సిలువ యు+1ఎఫ్546, సెల్టిక్ సిలువ యు+1ఎఫ్548 అలా వచ్చినవే.

రేవులోరాజు:
ఆ 1ఎఫ్ తో మొదలయ్యే వాటితో జాగ్రత్త. నేను పనిచేసిన ఒక చోట డేటాబేస్ పాత మైఎస్‌క్యూఎల్, అందులో యుటిఎఫ్8 అని పేరు పెట్టి ఒక్కో అక్షరానికి మూడు బైట్లే ఇచ్చేవాళ్లు. ✠ కి మూడు బైట్లు చాలు: ఇ2 9సి ఎ0. తెలుగు అక్షరాలకీ మూడే. సెల్టిక్ సిలువకు నాలుగు కావాలి. ఎవరో స్మారక సందేశం చివర్లో సరదాకి, అదే, భక్తితో ఆ సిలువ పెట్టి ఆ కింద కుటుంబ సభ్యుల పేర్లన్నీ రాశారు. సేవ్ అయింది, ఎర్రర్ కూడా రాలేదు. తెరిచి చూస్తే సిలువ దగ్గర తెగిపోయింది. పేర్లన్నీ గల్లంతు. యుటిఎఫ్8ఎంబి4 కి మార్చాకే కుదురుకుంది. ఆ రోజు ఫోన్ కాల్స్ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

నిమ్మళం:
అందుకే అంటున్నా, + కొట్టండి. ఒక్క బైటు. ఎక్కడా తెగదు, ఏ ఫాంటులోనైనా ఉంటుంది, ఊదారంగు పుయ్యదు. మీరంతా కలిసి నా మాటే బలపరుస్తున్నారు.

చీకట్లోచదువు:
నిమ్మళం గారూ, నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో వింటాను. కూడిక గుర్తు పెడితే నాకు “పుత్ర ప్లస్ పవిత్రాత్మ” అని వినిపిస్తుంది, లెక్కల క్లాసులో కూర్చున్నట్టు. ఇంకో చోట జపాలకు † పెట్టారు. అది ఇంకా ఘోరం, “పుత్ర డాగర్ పవిత్రాత్మ”. ప్రార్థనలో ప్రతి దీవెనకూ ఒక బాకు! మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, పదోసారికి ఆపేశాను. మీ కంటికి రెండూ సిలువలే. నాకు వచ్చేది బొమ్మ కాదు, దాని పేరు.

నిమ్మళం:
ఇది నాకు తట్టలేదు. సారీ అండి. + మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ పుస్తకం వరకు.

గుణింతం:
చీకట్లోచదువు గారు చెప్పిన † గురించి ఒక ముక్క, ఎందుకంటే అందరూ ఎక్కువగా జారిపడేది దీని దగ్గరే. యు+2020, ఇది సిలువ కాదు, విరామచిహ్నం. యూనికోడ్ లెక్కలో ✠ “గుర్తుల” జాతి, † “విరామచిహ్నాల” జాతి, కామా ఫుల్‌స్టాప్‌ల చుట్టం. పాత తెలుగు పుస్తకాల్లో పేజీ అడుగున వివరణలకు * తర్వాత †, ఆ తర్వాత ‡ వాడటం చూసే ఉంటారు. ప్రాచీన గ్రంథాలు పరిష్కరించేవాళ్లు ఇక సరిచేయలేనంతగా చెడిపోయిన పాఠానికి రెండు వైపులా † పెడతారు. యూరప్‌లో చనిపోయిన ఏడు ముందు పెడతారు, జీవశాస్త్రంలో అంతరించిన జాతి పేరు ముందు పెడతారు. పెద్దకర్మ కార్డులో చనిపోయిన తేదీ ముందు † పెట్టారంటే తప్పు కాదన్నమాట. దీవెన మధ్యలో పెడితేనే తప్పు.

రాతిగీత:
సిలువ ఆకారం అంటే మన ఊళ్లోనే ఇంకా పాతది ఉంది, ఎవరూ అనలేదేంటి అని చూస్తున్నా. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్న బండల మీదికి మూడేళ్ల క్రితం ఎక్కాను. మిట్టమధ్యాహ్నం పోతే ఏమీ కనపడదు, గీతలు వెలుతురులో కలిసిపోతాయి, సాయంత్రం ఎండ పక్కనుంచి పడినప్పుడు ఒక్కొక్కటే నీడ పట్టి లేస్తాయి. అక్కడ రాతి నిండా కూడిక గుర్తులే. మా వెంట వచ్చిన కుర్రాడు “సార్, అశోకుడు క్రైస్తవుడా” అన్నాడు. అశోకుడు క్రీస్తుకు రెండు వందల యాభై ఏళ్ల ముందటివాడు నాయనా, అది క.

నిజంగానే బ్రాహ్మీలో క అంటే నిలువు గీత మీద అడ్డగీత, అంతే: 𑀓. ఆ నిలువు గీత కింద వంకర తిరిగి, అడ్డగీత కొసలు వంగి, ఎన్నో వందల ఏళ్లకు మన క అయింది. మీ ఫాంటులో 𑀓 కనపడకపోతే డబ్బా వస్తుంది, ఏమనుకోకండి. దాని కోడ్ యు+11013, బ్రాహ్మీ 2010లో 6.0తో యూనికోడ్‌లోకి వచ్చింది. + కోడ్ 002బి. ఆకారం ఒకటే గదా, ఇంకో కోడ్ దండగ అని ఎవరైనా అనొచ్చు. కానీ ఒకటి లెక్కలో గుర్తు, ఇంకోటి అక్షరం, దానికి గుణింతం పెట్టాలి, కా కి కు కూ అని తోకలు తగలాలి, నిఘంటువులో ఖ కంటే ముందు రావాలి. కూడిక గుర్తుకు కొమ్మిస్తారా ఎవరైనా?

మరోవైపు ✠ ని ఒక్కో ఫాంటు ఒక్కోలా గీస్తుంది, అయినా కోడ్ ఒకటే. అంటే ఆకారాన్ని బట్టి కాదు, రాతలో అది చేసే పనిని బట్టి కోడ్ ఇస్తారు. కనీసం ఇవ్వాలనుకుంటారు. డింగ్‌బ్యాట్ల విషయంలో ఆ మాట అంత గట్టిగా నిలబడలేదని గుణింతం గారు పైన చెప్పనే చెప్పారు.

డల్లాస్‌దోసె:
అంటే క్రైస్తవుల పాత రాతప్రతుల్లో సిలువ కూడా అక్షరమేనా? మా పాస్టర్ గారు ఏదో టావ్-రో అని చెప్పేవారు.

రాతిగీత:
అవును, భలే గుర్తుచేశారు. బొమ్మర్ పాపిరస్‌లు అని... క్షమించాలి, బోడ్మెర్, ఆటోకరెక్ట్ తల్లి చల్లగుండ. పాత గ్రీకు బైబిల్ రాతప్రతులు అవి. వాటిలో కొన్నిట్లో గ్రీకు “స్తౌరోస్”, అంటే సిలువ, అన్న మాట రాసేటప్పుడు లేఖకులు మధ్యలో ఉన్న టావ్, రో అక్షరాలను ఒకదాని మీద ఒకటి రాశారు. చూస్తే కొయ్యకు తల వాల్చిన మనిషిలా ఉంటుంది. దీనికి యూనికోడ్‌లో రెండు చోట్లున్నాయి: కాప్టిక్ వాళ్ల (ఈజిప్టు క్రైస్తవుల లిపి) కింద ⳨ (2005), గ్రీకు వాళ్ల కింద 𐆠 (2014). ఆకారం ఒకటే, లిపి వేరు. సిరియాక్ (పశ్చిమాసియా క్రైస్తవుల పాత లిపి) సిలువలు ♰ ♱ అయితే 1999లోనే 3.0తో వచ్చాయి, సిరియాక్ లిపి వచ్చిందీ అప్పుడే. పాతబైండు గారికి ఇవేవీ అక్కర్లేదు, నా నోరు ఆగక చెప్పా.

పాతబైండు:
ఆగకండి, మంచిదే. సరే, ✠ అని తేలింది. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఎలా కొట్టాలి? ఎర్ర రంగు కోడ్‌లో వస్తుందా? చదివేవాళ్లు వాక్యం మొత్తం వెతికితే మధ్యలో ఇది అడ్డం రాదా?

గుణింతం:
వర్డ్‌లో 2720 కొట్టి, వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. ఫోన్‌లో అయితే ఇక్కడి నుంచి కాపీ చేసుకుని, కీబోర్డ్ సొంత నిఘంటువులో “సిలువ” అన్న మాటకు షార్ట్‌కట్‌గా పెట్టుకోండి. ఈబుక్ కోడ్‌లో రాస్తే ✠ అని.

రంగు కోడ్‌లో రాదు. ఎరుపు అన్నది ఇక్కడ పై సింగారం, ఈబుక్ స్టైల్‌లో విడిగా పెట్టుకోవాలి. ఎర్ర సిరాకు అర్థం ఉంది లెండి, గురువు చేతితో చేసే పని ఎరుపు, నోటితో పలికేది నలుపు. కానీ అక్షరానికి ఆ సంగతి తెలియదు.

వెతకడం అడ్డం వస్తుంది, నిజమే. చాలా యాప్‌లలో “పుత్ర, పవిత్రాత్మ” అని వెతికితే మధ్యలో ✠ ఉన్న వాక్యం దొరకదు. భరించాల్సిందే. ఇంకొకటి, ✠ కీ దాని తర్వాతి మాటకీ మధ్య మామూలు ఖాళీ కాకుండా విడిపోని ఖాళీ, అంటే యు+00ఎ0, పెట్టండి. లేకపోతే వరుస చివర సిలువ ఒంటరిగా వేలాడి, పవిత్రాత్మ కింది వరుసలోకి దిగుతుంది. తెలుగు ఫాంట్లలో ✠ సాధారణంగా ఉండదు, సిస్టం వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చుకుంటుంది, ఒక్కోసారి మరీ లావుగా కనిపిస్తుంది. డెజావు సాన్స్‌లో ఉంది, దాన్నే ఈబుక్‌లో జతచేస్తే అందరికీ ఒకేలా వస్తుంది.

పాతబైండు:
వారం పట్టింది. పని దాదాపు అయిపోయింది. రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, నా తెలివితక్కువ. ఎక్స్‌లన్నీ ఒకేసారి ✠ గా మార్చేశాను, రీప్లేస్ ఆల్ నొక్కి కాఫీకి వెళ్లాను. వచ్చి చూస్తే పన్నెండో పయస్ పోప్ పేరు పక్కన రోమన్ అంకెల్లోని ఎక్స్ కూడా సిలువైపోయింది. ముందు ✠, వెనక రెండు గీతలు. పోప్ గారే గనక పెద్దగా తప్పు పట్టరేమో గానీ, పదో అధ్యాయం కూడా ఉత్త సిలువ అయి కూర్చుంది. అన్నీ చేత్తో సరిచేశాను.

రెండోది అసలు ప్రశ్న. పాత ప్రతితో పోల్చి చూస్తుంటే నీళ్లు మంత్రించే జపం ఉన్న పేజీలో సిలువలు ఏడు. మొదటి అయిదు మీరు చెప్పిన ✠. చివరి రెండూ సన్నటి కూడిక గుర్తులు! ఎరుపే, చోటు కూడా సరైనదే, బొమ్మ మాత్రం +. ఆ రెండు దీవెనలూ వేరేవా?

డీటీపీబాబాయ్:
హహహ. వేరేవి కాదు నాయనా, సీసపు సిలువ అచ్చులు అయిపోయాయి! నేను పద్నాలుగేళ్లప్పుడు కంపోజింగ్‌లో చేరాను. సిలువ లాంటి గుర్తులు ప్రెస్సులో నాలుగో అయిదో ఉండేవి, అంతకంటే ఎవడు కొంటాడు. ఒక పేజీలో అన్నీ వాడేస్తే, ఆ ఫారం, అంటే పేర్చి బిగించిన పేజీలు, అచ్చయి విప్పేదాకా అవి కేసులోకి, అంటే అచ్చులు ఉంచే అరల పెట్టెలోకి, తిరిగి రావు. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే ఓనరు ఊరుకుంటాడా? దగ్గరగా ఏది కనిపిస్తే అది పెట్టేవాళ్లం. మీ ప్రెస్సులో అయిదున్నాయి, అంతే లెక్క.

గుణింతం:
అయితే ఏడూ ✠ యే పెట్టండి. పేర్చినాయన ఉద్దేశం అదే.

రాతిగీత:
నేను ఒప్పుకోను. పేజీ మీద + ఉంటే + అనే రాయాలి, కావాలంటే పక్కన వివరణ ఇవ్వండి. రాతి మీద తప్పుంటే శాసనం చదివేవాడు దిద్దడు, చూపిస్తాడు.

చీకట్లోచదువు:
నాకు మాత్రం ఆ రెండు చోట్ల మళ్లీ “ప్లస్” వినిపిస్తుంది. అది గుర్తుపెట్టుకోండి.

పాతబైండు:
ఇంట్లోవాళ్లు చదువుకునే ఈబుక్‌లో ఏడూ ✠ పెట్టేశాను. స్కాన్ చేసిన పేజీని చివర బొమ్మగా జతచేశాను, కింద “ప్రెస్సులో సిలువలు అయిదే ఉన్నాయి” అని ఒక వాక్యం రాశాను. పక్కన † పెట్టి.